పాత బండి నీళ్లెక్కడికి పోతున్నాయి?

విశాఖ ఆటోనగర్‌కి పదిహేనేళ్లు దాటిన బండిని తెచ్చినవాళ్లు తరచూ చెప్పే మాట ఒకటుంది: "మేస్త్రీ, రోజూ నీళ్లు తాగేస్తంది. కింద చూస్తే చుక్క కూడా లేదు." దానికొచ్చే జవాబు కూడా అలవాటైపోయింది: "పాతదైపోయింది కద బాబూ, కొంచెం తాగుద్ది. డబ్బాడు నీళ్లు డిక్కీలో ఉంచుకోండి."

ఈ జవాబు తప్పు. పెట్రోలు, డీజిలు మండి ఖర్చవుతాయి. ఇంజన్ ఆయిల్ కూడా కొంత మండుతుంది. రేడియేటర్‌లో నీళ్లు మండేవి కావు, మూత బిగించిన వలయంలో తిరుగుతూ ఉండేవి. మట్టం తగ్గిందంటే అవి బయటికి కారుతూ ఉండాలి, లేదా ఇంజన్ లోపలికి పోతూ ఉండాలి, లేదా మరిగి మూత గుండా వెళ్లిపోతూ ఉండాలి. నాలుగో దారి లేదు. వయసు పెరిగినకొద్దీ ఈ దారులు ఎక్కువవుతాయి గానీ, వయసు నీళ్లను తాగదు.

గాజువాకను ఆనుకుని ఉన్న ఈ పేటలో పనిచేసే చేతులకు కొదవ లేదు. హెడ్డు విప్పితే ఫేసింగ్ చేసే లేత్ దగ్గర్లోనే ఉంటుంది. రేడియేటర్ ఊడదీస్తే సోల్డరింగ్ చేసేవాళ్లుంటారు. కొత్త గ్యాస్కెట్ నుంచి సెకండ్స్ వాటర్ పంపు దాకా నడిచి వెళ్లి తెచ్చుకోవచ్చు. పెద్ద కంపెనీల సర్వీసు కేంద్రాలు మొత్తం అసెంబ్లీ మార్చాలనే చోట ఇక్కడివాళ్లు ఒక్క సీలు మార్చి బండిని నడిపిస్తారు. ఈ పనితనం మీద నాకు గౌరవం ఉంది. కానీ విప్పడంలో ఉన్న నేర్పు, విప్పడానికి ముందు పరీక్షించడంలో కనిపించదు. పాత బండి కూలెంట్ లీకు మీద యజమాని పెట్టే డబ్బులో పెద్ద భాగం లీకు లేని చోట్ల చేయించిన రిపేర్లకే పోతుంది. ఈ మొత్తం వ్యవహారాన్ని ఆ కోణం నుంచి చూడాలి.

ఊరి సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే విశాఖలో బండి పాతబడే తీరు వేరు. సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది. హోస్ క్లిప్పులు, థర్మోస్టాట్ హౌసింగ్ బోల్టులు, రేడియేటర్ కింది పట్టీలు ఇక్కడ త్వరగా తుప్పు పడతాయి. రేడియేటర్ జాలీలోని పల్చటి రేకులు పొడిపొడిగా రాలిపోతాయి. దానికి తోడు ధూళి. 1933లో తెరిచిన పోర్టులో బొగ్గు, ఇనుప ఖనిజం దిగుతూ ఎక్కుతూ ఉంటాయి. ఇటు ఉక్కు ఫ్యాక్టరీ, దాని చుట్టూ తిరిగే లారీలు. ఆ నల్లటి పొడి తేమతో కలిసి జాలీ మధ్య పేస్టులా గట్టిపడుతుంది. అప్పుడు గాలి ఆడదు, ఇంజన్ హీటెక్కుతుంది, నీళ్లు మరిగి మూత గుండా తన్నేస్తాయి. యజమాని దాన్ని లీకు అనుకుంటాడు. ఇలాంటి బండికి పైపులన్నీ మార్చినా ఫలితం ఉండదు. చెయ్యాల్సింది ఇంజన్ వైపు నుంచి ముందుకు, తక్కువ ఒత్తిడి నీళ్లతో జాలీని కడగడం. వాటర్ సర్వీసు గన్ను దగ్గరగా పెట్టి కొడితే రేకులు మడతపడి ఉన్న దారి కూడా మూసుకుపోతుంది.

మూడోది ఘాట్ రోడ్డు. శృంగవరపుకోట దాటి అనంతగిరి మీదుగా అరకు ఎక్కే జీపులు, వ్యాన్లు, పాడేరు ఘాట్ ఎక్కే పాత డీజిళ్లు ఫస్టు, సెకండు గేర్లలో మెల్లగా పాకుతాయి. ఇంజన్ మీద బరువు ఎక్కువ, ఎదురుగాలి తక్కువ. ఫ్యాన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ కవచం ఎప్పుడో విరిగితే మళ్లీ పెట్టించుకున్నవాళ్లు తక్కువ. ఊళ్లో నెల రోజులు బయటపడని బలహీనత ఘాట్‌లో అరగంటలో బయటపడుతుంది.

ఇక్కడ ఒత్తిడి సంగతి తెలుసుకోవాలి. రేడియేటర్ మూత ఉత్త మూత కాదు, రెండు వాల్వులున్న పరికరం. నీళ్లు వేడెక్కి వ్యాకోచించినప్పుడు ఒక స్ప్రింగు వాటిని నిర్ణీత ఒత్తిడి దాకా ఆపి ఉంచుతుంది. చాలా కార్లలో అది 0.9 బార్, అంటే చదరపు అంగుళానికి 13 పౌండ్లు. ఆ ఒత్తిడిలో మామూలు నీళ్లు 100 డిగ్రీలకు బదులు 118 దాకా మరగవు. ఇంజన్ చల్లారేటప్పుడు రెండో వాల్వు తెరుచుకుని కూలెంట్ బాటిల్‌లోని నీళ్లను వెనక్కి పీల్చుకుంటుంది. రబ్బరు ఎండిపోయి మూత ఒత్తిడిని పట్టలేకపోతే ఆ 18 డిగ్రీల రక్షణ మొత్తం పోతుంది. సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకులో అయితే ఒత్తిడి లేని నీళ్లు 97 డిగ్రీలకే మరుగుతాయి. మామూలుగా నడిచే ఇంజనే 90 దగ్గర ఉంటుంది కాబట్టి మిగిలిన వెసులుబాటు చాలా తక్కువ. పీల్చే వాల్వు బిగుసుకుపోతే గుర్తు ఇంకో రకంగా ఉంటుంది: రాత్రి చల్లారాక పై హోసు చప్పిడిగా అణిగిపోయి కనిపిస్తుంది. అందుకే నీళ్లు పోతున్నాయన్న బండికి మొదట మార్చి చూడాల్సింది మూత. అన్నిటికంటే చవక వస్తువూ అదే. ఒత్తిడి అంకె మాత్రం పాత మూత మీద ఉన్నదే ఉండాలి. "స్ట్రాంగ్‌గా ఉంటది" అని ఎక్కువ పౌండ్ల మూత బిగిస్తే పాత రేడియేటర్ అతుకులు విడిపోతాయి.

నీళ్లా, కూలెంటా అన్న వాదన ఆటోనగర్‌లో ఎప్పటికీ తెగదు. నీళ్ల పక్షాన ఉన్నవాళ్ల మాటలో కొంత నిజం ఉంది. వేడిని మోసే శక్తి మామూలు నీళ్లకే ఎక్కువ. సగం ఇథిలీన్ గ్లైకాల్ కలిపిన మిశ్రమానికి తక్కువ. లంబసింగిలో తప్ప మన ప్రాంతంలో నీళ్లు గడ్డకట్టే చలి లేదు. మరి కూలెంట్ ఎందుకు? అందులోని తుప్పు నిరోధకాల కోసం. అంబాసిడర్‌లో చాలాకాలం వాడిన 1489 సీసీ ఇంజన్‌కు బ్లాకు, హెడ్డు రెండూ పోత ఇనుమే, రేడియేటర్ రాగి, ఇత్తడి. బోరు నీళ్లు పోసినా అది గార పట్టి, తుప్పు పట్టి ఏళ్ల తరబడి ఓర్చుకునేది. ఆ అలవాటుతోనే అల్యూమినియం హెడ్డున్న బండ్లలోనూ బోరు నీళ్లు పోస్తూ వచ్చారు. అల్యూమినియం, ఇనుము, రాగి ఒకే ఉప్పునీటిలో మునిగి ఉంటే అది చిన్న బ్యాటరీలా పనిచేస్తుంది, అందులో అరిగిపోయేది అల్యూమినియమే. థర్మోస్టాట్ హౌసింగ్ నోటి దగ్గర తినేసినట్టు గుంటలు పడటం, హెడ్డులో నీటి దారుల అంచులు కరిగిపోవడం ఇందువల్లే. ఆ అంచు గ్యాస్కెట్ కిందకి పాకిన రోజు హెడ్ గ్యాస్కెట్ పోతుంది. అప్పటికి యజమాని కూలెంట్ మీద మిగుల్చుకున్న డబ్బంతా ఒక్క దెబ్బతో పోతుంది.

మన వాతావరణానికి మూడో వంతు గ్లైకాల్ ఉన్న మిశ్రమం సరిపోతుంది. సగం సగం అయితే మరుగు ఉష్ణోగ్రత ఒత్తిడి లేకుండానే 107 దాకా పెరుగుతుంది. కలిపేది బోరు నీళ్లు కాదు, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్. రంగును నమ్మొద్దు. ఆకుపచ్చ, ఎరుపు, నీలం అన్నవి కంపెనీలు ఇష్టం వచ్చినట్టు వేసుకునే రంగులు, వాటికి ప్రమాణం లేదు. డబ్బా మీద ఐఎస్ 5759 అనో, జపాన్ బండ్లకైతే జేఐఎస్ కె 2234 అనో ఉందా చూడాలి. పాతకాలపు సిలికేట్ కూలెంట్ రెండేళ్లకే శక్తి కోల్పోతుంది, సేంద్రియ ఆమ్లాల రకం ఐదేళ్ల దాకా ఉంటుంది. రెంటినీ కలిపేస్తే రెండో దాని ఆయుష్షు తగ్గిపోతుంది, కొన్ని కలయికలు జిగురు ముద్దలా కూడా మారతాయి. లోపల ఏముందో తెలియకపోతే మొత్తం కడిగేసి కొత్తది పోయడమే దారి.

ఇప్పుడు అసలు పని: వెతకడం.

వెతకడం చల్లటి ఇంజన్‌తోనే మొదలుపెట్టాలి. వేడి మీద మూత తిప్పితే వంద డిగ్రీలు దాటిన నీళ్లు ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదకి లేస్తాయి; ఆ కాలిన గాయాలు చూసినవాళ్లెవరూ రెండోసారి తొందరపడరు. ఇంజన్ గదిని శుభ్రంగా కడిగి ఆరనివ్వాలి. పదేళ్ల ఆయిల్ మకిలి మీద కొత్త తడి కనిపించదు. రాత్రి బండి కింద పెద్ద అట్టముక్క పరిచి, ముందు చక్రాల స్థానం దాని మీద గీసుకుంటే పొద్దున్న చుక్క ఎక్కడ పడిందో తెలుస్తుంది. కానీ చుక్క పడిన చోటే లీకు అనుకోకూడదు. వాటర్ పంపు దగ్గర కారిన నీళ్లు బ్లాకు వెంట జారి, కింది హోసు మీదుగా పాకి, దాని వంపులో చుక్కగా రాలతాయి. కింది హోసు మార్చి, క్లిప్పు మార్చి, మర్నాడు మళ్లీ వచ్చిన బండ్లకు ఆటోనగర్‌లో లెక్కలేదు. ఫ్యాన్ గాలి కూడా మోసం చేస్తుంది, ముందు కారిన దాన్ని వెనక్కి చిమ్ముతుంది. అందుకని తడిని కింది నుంచి పైకి వెతుక్కుంటూ పోవాలి, ఎక్కడ పైన పొడిగా ఉండి కింద తడిగా ఉందో అక్కడ ఆగాలి. ఆరిపోయిన లీకు కూడా గుర్తు వదులుతుంది: కూలెంట్ రంగులో పొర, బోరు నీళ్లైతే తెల్లటి గార, ఇత్తడి మీదైతే పచ్చటి చిలుము.

దీని తర్వాత చెయ్యాల్సింది ప్రెషర్ టెస్టు, అందరూ దాటేసేది కూడా అదే. మూత స్థానంలో బిగించే చేతి పంపు, దానికో గేజి, అంతే పరికరం. ఇంజన్ చల్లగా ఉండగా, రేడియేటర్ నిండుగా నీళ్లుండగా, మూత మీద ఉన్న పౌండ్ల దాకా కొట్టి పావుగంట ఆగాలి. ముల్లు కదలకపోతే బయట లీకు లేనట్టే, కనీసం చల్లటి స్థితిలో. ముల్లు దిగుతూ ఉంటే ఎక్కడో కారుతోంది. నడుస్తున్న ఇంజన్ మీద ఆవిరై కనిపించకుండా పోయే సన్నటి ధార ఇప్పుడు చల్లగా, కంటికి కనిపించేలా కారుతుంది. చేతిలో టార్చి, దంత వైద్యులు వాడేలాంటి చిన్న అద్దం ఉంటే బ్లాకు వెనక దాకా చూడొచ్చు. ముల్లు దిగుతోంది గానీ బయట ఎక్కడా తడి లేదు అంటే లీకు లోపలికి. ఈ ఒక్క పరీక్షతో సగం అనుమానాలు తేలిపోతాయి. పరికరం లేదని కొందరు టైర్ కంప్రెసర్ గొట్టం తెచ్చి పెడతారు, అది ప్రమాదం. వంద పౌండ్లు దాటే ఆ గాలికి రేడియేటర్ ట్యాంకు పగిలిపోతుంది. పాత మూతకు ట్యూబు వాల్వు అతికించి, గేజి ఉన్న సైకిల్ పంపుతో మెల్లగా కొట్టడం దానికంటే ఎన్నో రెట్లు నయం.

బయటి లీకుల్లో హోసులు మొదటివి. రబ్బరు హోసు పైనుంచి బాగానే కనిపించి లోపలి నుంచి చీలుతుంది. లోహపు గొట్టం, కూలెంట్, రబ్బరులోని కార్బన్ మధ్య జరిగే సూక్ష్మ విద్యుత్ చర్య వల్ల క్లిప్పుకు ఒకటి రెండు అంగుళాల దగ్గర పొడుగాటి పగుళ్లు పుడతాయి. ఇంజన్ చల్లారాక హోసును మధ్యలో ఒకసారి, క్లిప్పు పక్కన ఒకసారి వేళ్లతో నొక్కి చూడండి. మధ్యలో గట్టిగా ఉండి అంచు దగ్గర మెత్తగా జారినా, లోపల ఏదో పొడి నలిగినట్టు తగిలినా ఆ హోసు బతుకు అయిపోయినట్టే. దానికి క్లిప్పు ఇంకా బిగించడం వల్ల రబ్బరు తెగుతుందే గానీ లీకు ఆగదు. పాత బండికి హోసులన్నీ ఒకేసారి మార్చడం దుబారా అని నేననుకోను. మూతలాగే ఇవీ పరీక్షతో పని లేకుండా మార్చదగ్గవి.

వాటర్ పంపు విషయంలో ఒక చిన్న రంధ్రం గురించి చెప్పాలి. పంపు షాఫ్టు మీద నీటి సీలుకూ బేరింగ్‌కూ మధ్య, బాడీ అడుగున పెన్సిల్ మొన పట్టేంత చిల్లు ఉంటుంది. సీలు అరిగితే నీళ్లు బేరింగ్‌లోకి పోకుండా బయటికి వచ్చేసేందుకు పెట్టిన దారి అది. అక్కడ మరకో, తడో కనిపిస్తే పంపు తన పరిస్థితి తానే చెబుతోందన్నమాట. ఆ చిల్లును ఎమ్‌సీల్‌తో మూసేసి పంపిన బండ్లు ఉన్నాయి. అప్పుడు నీళ్లు బేరింగ్‌లోకి వెళ్తాయి, గ్రీజు కడిగేస్తాయి, కొన్నాళ్లకు షాఫ్టు ఊగుతుంది, ఫ్యాన్ రెక్క రేడియేటర్‌ని చీల్చుతుంది. బెల్టు తీసి పుల్లీని పట్టుకుని ఊపి చూస్తే బేరింగ్ సంగతి తెలిసిపోతుంది. టైమింగ్ బెల్టుతో తిరిగే పంపు అయితే బెల్టు మార్చిన రోజే పంపూ మార్చేయాలి, ఎందుకంటే రెంటికీ కూలీ ఒకటే.

బ్లాకు పక్కల్లో కొట్టి ఉండే గుండ్రటి రేకు బిళ్లలు, వెల్చ్ ప్లగ్గులు, ఉప్పు గాలి ఊళ్లో మర్చిపోకూడనివి. లోపలి తుప్పు వీటిని సూది బెజ్జంగా తొలిచేస్తుంది. ఒకటి పోయిందంటే మిగతావీ అదే వయసువి. ఇనుప బిళ్లల బదులు ఇత్తడివి కొట్టించుకుంటే మళ్లీ ఆ బాధ ఉండదు. హీటర్ కోర్ గురించి విశాఖలో ఎవరికీ గుర్తుండదు, ఇక్కడ హీటర్ వేసేదెవరు? కానీ ఉన్న బండ్లలో దానికి పోయే రెండు గొట్టాల్లో నీళ్లు తిరుగుతూనే ఉంటాయి. కాళ్ల దగ్గర కార్పెట్ తడిసి, అద్దం లోపలి వైపు జిడ్డు పొగమంచు పట్టి, తియ్యటి వాసన వస్తే అదే. ఏసీ నీళ్లు కూడా అక్కడే కారొచ్చు, అయితే వాటికి జిడ్డూ వాసనా ఉండవు. నాలుక మీద వేసి చూసే అలవాటు మానాలి. గ్లైకాల్ తియ్యగా ఉండే విషం.

లోపలి లీకు అసలైన భయం. హెడ్ గ్యాస్కెట్ అన్న మాట వినగానే యజమాని గుండె జారుతుంది, కొందరు మెకానిక్కులు ఆ మాటను చాలా తొందరగా అనేస్తారు. దానికి ముందు చూడాల్సినవి ఉన్నాయి. పొద్దున్నే చల్లటి ఇంజన్ మీద మూత తీసి స్టార్టు చేసి రేడియేటర్ నోట్లోకి చూడండి. లోపల చిక్కుకున్న గాలైతే కాసేపు బుడగలొచ్చి ఆగిపోతుంది. సిలిండర్ నుంచి వచ్చే గ్యాసైతే ఆగదు, రేస్ చేసినకొద్దీ పెరుగుతుంది. మూత బిగించి స్టార్టు చేసిన ఒక్క నిమిషంలోనే, నీళ్లింకా వేడెక్కకుండానే, పై హోసు రాయిలా బిగిసిందంటే కూడా అదే అర్థం. స్పార్క్ ప్లగ్గులు విప్పితే ఒక్కటి మాత్రం కడిగినట్టు తెల్లగా ఉంటే ఆ సిలిండర్‌లోకి ఆవిరి వెళ్తోంది. ఇంకా నిర్ధారణ కావాలంటే రేడియేటర్ నోటి దగ్గర గాలిని ఒక నీలి ద్రావకం గుండా పీల్చే పరికరం ఉంది; మండిన గ్యాసులోని కార్బన్ డయాక్సైడ్ తగిలితే నీలం పసుపుగా మారుతుంది. డీజిళ్లలో ఇది పెట్రోలు బండ్లలో చూపించినంత స్పష్టంగా చూపించదు, అక్కడ కంప్రెసర్ గాలి సిలిండర్‌లోకి పంపి బుడగలు చూడటమే మేలు.

తప్పుదారి పట్టించే గుర్తులు కూడా ఉన్నాయి. విశాఖ తేమలో తెల్లవారుజామున సైలెన్సర్ నుంచి తెల్లటి ఆవిరి రావడం, నాలుగు చుక్కల నీళ్లు రాలడం పెట్రోలు బండికి సహజం. ఇంజన్ వేడెక్కాక కూడా తియ్యటి వాసనతో తెల్లపొగ ఆగకపోతేనే అనుమానించాలి. ఆయిల్ మూత అడుగున మీగడలా పట్టడం, రోజూ రెండు కిలోమీటర్లు మాత్రమే తిరిగే బండిలో ఆవిరి చేరడం వల్ల కూడా జరుగుతుంది. డిప్‌స్టిక్ మీద, డ్రెయిన్ ప్లగ్ విప్పినప్పుడు వచ్చే ఆయిల్‌లో అదే మీగడ ఉంటే మాత్రం బండిని స్టార్టు చేయడం అక్కడితో ఆపాలి. నీళ్లు కలిసిన ఆయిల్ బేరింగులను తినేస్తుంది. రేడియేటర్‌లోనే ఆయిల్ తేలితే హెడ్డు విప్పకముందు ఆయిల్ కూలర్ చూడాలి. ఈజీఆర్ కూలర్ (ఇంజన్‌లోకి తిప్పి పంపే పొగను చల్లార్చేది) ఉన్న డీజిళ్లలో నీళ్లు నిశ్శబ్దంగా పొగలో కలిసి పోతుంటాయి, హెడ్డు విప్పినా ఏమీ దొరకదు. పోర్టు లారీల్లాంటి పెద్ద డీజిళ్లలో, నీళ్లు నేరుగా తగిలే లైనర్లున్న చోట, లైనర్ అదురుకి పుట్టి పగిలే బుడగలు బయటి గోడను చిల్లులు పొడుస్తాయి. కూలెంట్ బదులు మామూలు నీళ్లతో తిరిగిన లారీకి ఈ జబ్బు తొందరగా వస్తుంది.

హెడ్డు విప్పక తప్పని రోజు వచ్చిందంటే, అప్పుడు ఆటోనగర్ లేత్ పనివాళ్ల విలువ తెలుస్తుంది. హెడ్డు వంగిందా లేదా కంటితో తెలీదు. నిఖార్సయిన స్టీలు బద్ద అడ్డంగా పెట్టి ఫీలర్ గేజితో చూడాలి. చాలా పెట్రోలు ఇంజన్లలో 0.05 మిల్లీమీటర్లు దాటితే ఫేసింగ్ చేయించాలి. తల వెంట్రుక కంటే సన్నటి తేడా అది. ఫేసింగ్‌కి ముందే క్రాక్ టెస్టు చేయించాలి, పగిలిన హెడ్డును నున్నగా చేసి ఏం లాభం? డీజిలుకు ఎక్కువ చెక్కితే వాల్వులు పిస్టన్‌కు తగలొచ్చు. అందుకే చాలా డీజిళ్లకు గ్యాస్కెట్లు రెండు మూడు మందాల్లో వస్తాయి, అంచున గాట్లతో గుర్తు ఉంటుంది. పాత గ్యాస్కెట్ గాట్లు చూడకుండా దొరికింది వేయడం పెద్ద పొరపాటు. బోల్టులు మధ్య నుంచి బయటికి, మూడు నాలుగు విడతల్లో, టార్క్ రెంచితో బిగించాలి. "చేతికి తెలుసులే" అనే మేస్త్రి చెయ్యి ఎంత అనుభవం ఉన్నదైనా అల్యూమినియం హెడ్డు మీద దాన్ని నమ్మకూడదు.

రోడ్డు మీద మందుల సంగతికొద్దాం. ఘాట్‌లో రేడియేటర్ చిమ్ముతుంటే పసుపు వేయడం లారీ డ్రైవర్లకు తెలిసిన చిట్కా. పని చేస్తుంది కూడా. పొడి ఉబ్బి సన్నటి చిల్లులో ఇరుక్కుంటుంది. విదేశాల్లో దశాబ్దాలుగా అమ్ముడైన స్టాప్ లీక్ బిళ్లల్లో కూడా ఎండిన అల్లం దుంప, గింజల పెంకుల పొడి ఉంటాయి. అల్లం, పసుపు ఒకే కుటుంబం. సోడియం సిలికేట్ రకం ఇంకొకటి. వీటన్నిటితో చిక్కేమిటంటే చిల్లు ఏదో, సన్నటి గొట్టం ఏదో ఆ పొడికి తెలీదు. గార పట్టి సగం మూసుకున్న పాత రేడియేటర్‌లో మిగిలిన సగం కూడా మూస్తుంది. కాబట్టి కొండ మీంచి దిగి శృంగవరపుకోట చేరడానికి పసుపు మంచిదే. ఊళ్లోకి రాగానే కడిగేసి అసలు రిపేరు చేయించకపోతే అదే రోగమవుతుంది. వేడి ఇంజన్‌లో చన్నీళ్లు గుమ్మరించడం మాత్రం ఎక్కడున్నా చేయకూడదు, అల్యూమినియం హెడ్డు అక్కడికక్కడే చిట్లిపోవచ్చు.

థర్మోస్టాట్ పీకేయడం ఇంకో అలవాటు. "మన ఎండలకు అదెందుకు" అంటారు. 82 డిగ్రీల దగ్గర తెరుచుకునే ఆ వాల్వు ఇంజన్‌ను సరైన వేడికి తొందరగా తేవడానికి ఉంది. అది లేకపోతే ఇంజన్ చల్లగా తిరిగి ఆయిల్ మడ్డి కడుతుంది, సిలిండర్లు అరుగుతాయి, మైలేజీ పడిపోతుంది. కొన్ని ఇంజన్లలో అది తెరుచుకున్నప్పుడు బైపాస్ దారిని మూస్తుంది కూడా. పీకేస్తే వేడి నీళ్లు రేడియేటర్‌కి పోకుండా ఇంజన్‌లోనే చుట్టూ తిరిగి హీటు ఇంకా పెరుగుతుంది. బిగుసుకుపోయిన దాన్ని మార్చాలి గానీ ఖాళీగా వదలకూడదు.

రేడియేటర్ విషయంలో పాత రాగి, ఇత్తడి రకానికీ కొత్త అల్యూమినియం, ప్లాస్టిక్ రకానికీ తేడా పెద్దది. రాగిదాన్ని విప్పి, గొట్టాల్లో రాడ్డింగ్ చేసి, అతుకు పెట్టి మరో పదేళ్లు నడిపించొచ్చు. ప్లాస్టిక్ ట్యాంకు చిట్లితే ఆరల్‌డైట్ పూత ఇంటికి చేరేదాకా మాత్రమే. క్రింపింగ్ దగ్గర రబ్బరు మాత్రమే పోతే కొత్త రబ్బరు వేసి మళ్లీ మడవొచ్చు, కానీ కోర్ తినేసి ఉంటే కొత్తది కొనుక్కోవాల్సిందే. అతుకు పెట్టేవాళ్ల గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. పాత రేడియేటర్ల సోల్డర్‌లో సీసం ఉంటుంది. రేడియేటర్ రిపేరు పనివాళ్ల రక్తంలో సీసం పేరుకుంటుందని 1990ల నాటికే అమెరికా ప్రజారోగ్య అధికారులు హెచ్చరించారు. ఇక్కడ చిన్న షెడ్డులో, ఎగ్జాస్టు ఫ్యాన్ లేకుండా, ఆ పొగ పీలుస్తూ, అదే చేత్తో మధ్యాహ్నం అన్నం కలుపుకుని తినే కుర్రాళ్లున్నారు. మన బండి అతుకు కోసం వాళ్ల ఒంట్లో సీసం చేరకూడదు. ఒక ఫ్యాను, సబ్బు, భోజనానికి వేరే చోటు: షెడ్డు యజమానులు ఈ మాత్రం చేయగలరు, చేసి తీరాలి.

ఇంత ఖర్చు పాత బండికి అవసరమా అన్న ప్రశ్న న్యాయమైనదే. 2022 ఏప్రిల్‌లో పదిహేనేళ్లు దాటిన కారు రీ-రిజిస్ట్రేషన్ ఫీజు 600 నుంచి 5000 రూపాయలైంది. ఆ మీదట హెడ్డు పని కూడా అంటే చాలామంది వెనకాడతారు. నా ఉద్దేశంలో మూత, హోసులు, పంపు, వెల్చ్ ప్లగ్గులు, రేడియేటర్ దాకా ఎంత పాత బండికైనా చేయించదగ్గవే. హెడ్డు వంగి, దాని కింద బ్లాకు అంచు కూడా తినేసి ఉంటే అక్కడ ఆగి లెక్క వేసుకోవాలి. 2014లో తయారీ ఆగిపోయిన మారుతి 800కి, అంబాసిడర్‌కి ఆటోనగర్‌లో సామాన్లు ఇంకా దొరుకుతున్నాయి కాబట్టి ఆ లెక్క చాలాసార్లు బండి వైపే మొగ్గుతుంది.

రిపేరు అయ్యాక గాలి తీయడం దగ్గర తొందరపడితే చేసిన పనంతా వృథా. బండి ముందు భాగం కొంచెం ఎత్తున ఉండేలా నిలిపి, హీటర్ నాబ్ వేడి వైపు తిప్పి, బ్లీడ్ స్క్రూ ఉంటే వదులు చేసి, కూలెంట్‌ను మెల్లగా పోయాలి. మూత తీసే ఉంచి ఇంజన్ నడపాలి, కింది హోసు వేడెక్కేదాకా, అంటే థర్మోస్టాట్ తెరుచుకునేదాకా. పై హోసును మెల్లగా పిసుకుతూ ఉంటే చిక్కుకున్న బుడగలు బయటికొస్తాయి. మట్టం పడిపోయినప్పుడల్లా నింపి, అప్పుడు మూత బిగించాలి. మల్టీమీటరు ఉంటే ఒక కొన బ్యాటరీ నెగెటివ్‌కి, ఇంకో కొన రేడియేటర్ నీళ్లలో ముంచి చూడండి, 0.3 వోల్టులు దాటితే ఎక్కడో ఎర్త్ సరిగా లేదు, ఆ కరెంటు కొత్త రేడియేటర్‌ని కూడా తినేస్తుంది. తర్వాత పెట్టించిన హారన్లు, లైట్లు, మ్యూజిక్ సిస్టం వైర్లున్న పాత బండ్లలో ఇది మామూలే.

తీసిన పాత కూలెంట్‌ను కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి ఉంచకూడదు, మురుగు కాలవలో పారబోయకూడదు. తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, పిల్లలు తాగేస్తారు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఎవరైనా తాగితే వాంతి చేయించే ప్రయత్నాలు పెట్టుకోకుండా, డబ్బా చేత పట్టుకుని నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి. విరుగుడు ఉంది, గంటల్లో ఇవ్వాలి. మూత గట్టిగా ఉన్న క్యానులో పోసి, మీద పేరు రాసి, పాత ఇంజన్ ఆయిల్ సేకరించేవాళ్లను అడిగి ఇవ్వడం మేలు.

మొదటి వారం రోజులు పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉండగా, కూలెంట్ బాటిల్ మీద మార్కర్‌తో గీత పెట్టి చూసుకోండి. మొదటి ఒకటి రెండు రోజులు కొద్దిగా తగ్గితే అది మిగిలిన గాలి బయటపడటం. మూడో రోజు నుంచి గీత దగ్గరే ఆగితే అనంతగిరి ఘాట్ ఎక్కొచ్చు. ఆగకపోతే చేతి పంపు, గేజి, టార్చితో మళ్లీ మొదటి నుంచి.